అక్క పెళ్లి టేపు

కృష్ణా, మున్నేరూ రెండూ పొంగిన యేడు, నీళ్లు తీసిన కొన్నాళ్లకి, జగ్గయ్యపేటలో ఒక ఫోటో స్టూడియో ఓనరు నాకు ఫోన్ చేశాడు.

మాది నందిగామ. ఆసుపత్రులకీ కాలేజీలకీ షాపులకీ నెట్‌వర్కు కేబుళ్లు లాగడం, స్విచ్‌లు పెట్టడం, కెమెరాలు బిగించడం నా పని. పేటలో కూడా చాలా పనులుంటాయి కాబట్టి వారంలో సగం రోజులు హైవే మీదే గడుస్తాయి. ఆ స్టూడియో ఆయన్ని నేను కుర్రాడిగా ఉన్నప్పట్నించీ ఎరుగుదును. మా వైపు పెళ్లిళ్లకీ, వాళ్ల నిఖాలకీ, గృహప్రవేశాలకీ అన్నిటికీ ఆయన కెమెరానే. ఊరంతా ఆయన్ని భాయ్ అంటుంది. నేనూ అంతే.

"తమ్ముడూ, ఒకసారి రావాలి. పైన ఎడిటింగ్ చేసేవాళ్లు పని చేయలేకపోతున్నారు. బొమ్మ కదలట్లేదు. ఒకళ్లు తెరిస్తే ఇంకొకళ్లది ఆగిపోతోంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చిల్లకల్లు దగ్గర బస్సు దిగి ఆటోలో వెళ్లాను. స్టూడియో ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. లోపల జనం. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక సంచి, సంచిలో తడిసి ఉబ్బిపోయిన ఆల్బం. నీళ్లకి ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే ముఖాలు ఊడి వస్తున్నాయి. ఇళ్లల్లో సీడీలు బురదలో పోయాయి. వాళ్లందరికీ మిగిలిన ఆశ భాయ్ దగ్గరున్న స్టోరేజీ బాక్సు ఒక్కటే.

ఆ బాక్సు కింద, కౌంటరు వెనకున్న చిన్న గదిలో ఉండేది. బియ్యం డబ్బా అంత ఉంటుంది. దాన్లో వరసగా హార్డ్ డిస్కులు. వాటిలో ఒకటి చెడిపోయినా మిగిలినవి కలిసి దాని లోటు పూడ్చేలా ఏర్పాటు. భాయ్ తన తొలి రోజుల టేపుల దగ్గర్నుంచి నిన్న తీసిన పెళ్లి దాకా అన్నీ అందులోకి ఎక్కించి పెట్టాడు. ఏదీ చెరపడు. ఎవరైనా అడిగితే, "ఉండనీ, అడ్డమా?" అంటాడు.

ఎడిటింగ్ గది పైఅంతస్తులో. అక్కడ ఆరు కంప్యూటర్లు. కంప్యూటర్లని కలిపే నెట్‌వర్కు స్విచ్ కింద ఒకటి, పైన ఒకటి. రెంటికీ మధ్య మెట్ల పక్కనుంచి పోయిన ఒకే ఒక్క కేబులు. ఆ యేడాది దాకా అది సరిపోయింది. వరద తర్వాత మాత్రం ఇటు కొత్త పెళ్లిళ్ల పని, అటు పాతవి వెతికి కాపీ చేసే పని, అంతా ఆ ఒక్క తీగ మీద పడింది.

పైన పని చూసేది వీరులపాడు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. పెళ్లై, ఒక బాబు. మిగిలిన ఎడిటర్లకి పని పంచేది ఆమే. నన్ను చూడగానే కుర్చీ లాగి, "కూర్చోండి అన్నయ్యా. మీరే చూడండి" అని ఒక వీడియో నొక్కింది. పెళ్లికొడుకు చెయ్యి గాల్లో ఆగిపోయింది. కొంతసేపటికి తలంబ్రాలు ఒక్కసారిగా నెత్తిన పడ్డాయి.

"రోజంతా ఇంతేనండి" అంది.

"ఇంకో తీగ వేస్తే పోదా?" అని భాయ్ అడిగాడు. అంతకుముందు ఒక కరెంటు పనివాడు అలాగే అనుకుని రెండో కేబులు లాగి రెండు స్విచ్‌లకీ గుచ్చాడట. వెంటనే స్విచ్‌ల మీది లైట్లన్నీ పిచ్చెక్కినట్టు కొట్టుకుని మొత్తం ఆగిపోయిందట. అది అంతే జరుగుతుంది. ఊరికే రెండు తీగలు కలిపితే ఒకదాన్లో పోయింది రెండోదాన్లోంచి తిరిగొచ్చి, మళ్లీ మొదటిదాన్లోకి పోయి, గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఇంక దేనికీ చోటుండదు.

"అలా కాదు భాయ్. ఇవి రెండూ మామూలు స్విచ్‌లు. చెప్పింది వినే రకం తెచ్చుకోవాలి. అప్పుడు నాలుగు తీగలు వేసి, ఇటు నాలుగు పోర్టులూ ఒకే గుంపు, అటు నాలుగు పోర్టులూ ఒకే గుంపు అని రెండిటికీ చెప్తాం. అవి మాట్లాడుకుని నాలుగింటినీ ఒకే దారిలా వాడుకుంటాయి. ఒకటి తెగినా మిగిలినవి నడుస్తాయి."

"అంటే నాలుగింతలు స్పీడు."

"ఆరుగురికీ కలిపి, దాదాపు. ఒక్కడే ఒక్క ఫైలు లాగితే అది మాత్రం ఒక తీగలోనే పోతుంది. ఏది ఏ తీగలో పోవాలో స్విచ్ పంచుతుందంతే. ఒక ఫైలుని ముక్కలు చేసి నాలుగింట్లోకీ పంపదు."

ఆయన తలూపాడు. అర్థమైనట్టు ఊపాడు గానీ నాలుగింతలన్న మాటే ఆయనకి మిగిలిందని తర్వాత తెలిసింది.

టీ తాగుతుండగా అక్క పెళ్లి టేపు సంగతి ఎలా వచ్చిందో చెప్పాలి. ఒకాయన, చెవిటికల్లు రైతు, తమ్ముడు కనపడే గృహప్రవేశం వీడియో కావాలని వచ్చాడు. తమ్ముడు పోయి చాలా కాలమైంది. భాయ్ కంప్యూటర్లో పేరు చూసి, ఉందని చెప్పి, "పాటలు వేసిందే ఉంది. పర్లేదా?" అని అడిగాడు.

మా వైపు పెళ్లి వీడియోల సంగతి తెలిసిందే. మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలే. మనుషులు నోళ్లు ఆడిస్తుంటారు, నవ్వుతుంటారు, ఏడుస్తుంటారు. ఒక్క మాట వినపడదు.

రైతు వెళ్లాక నేను అన్నాను, "మా అక్క పెళ్లిది కూడా అంతే భాయ్. మా ఇంట్లో ఉంది. గొంతు వినపడదు."

భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మీ అక్కది నేనే కదా తీసింది. వీడియో కొత్తగా మొదలెట్టినప్పుడు. తమ్ముడూ, దాని ఒరిజినల్ టేపు ఎక్కించా నేను. పాటలు వెయ్యకముందుది. సౌండంతా ఉంటుంది అందులో."

నేనూ గ్లాసు పక్కన పెట్టేశాను.

మా అమ్మ మంచాన పడ్డప్పుడు నేను బడికి పోయే వయసు. నాకు అన్నం పెట్టింది, జడ్డిగాడిలా తిరుగుతుంటే చెవి మెలేసి కూర్చోబెట్టి చదివించింది, ఐటీఐలో చేర్పించింది అక్కే. పెళ్లయ్యాక కూడా నందిగామలోనే ఉంది. కూతురికి మూడేళ్లు నిండేటప్పటికి అక్కకి విషజ్వరం వచ్చింది. నందిగామలో రెండు ఆసుపత్రులు తిరిగి విజయవాడ తీసుకెళ్లాం. తిరిగి తెచ్చింది మనిషిని కాదు. ఫోన్లలో గొంతులు దాచుకునే రోజులు కావవి. బావ దగ్గర ఒక చిన్న ఫోనుండేది, మాట్లాడడానికి తప్ప ఎందుకూ పనికిరానిది. బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పిల్ల మా ఇంట్లో కొన్నాళ్లు, వాళ్లింట్లో కొన్నాళ్లు పెరిగి, ఇప్పుడు విజయవాడలో నర్సింగ్ చదువుతోంది. వాళ్లమ్మ ఫోటో పర్సులో పెట్టుకుంటుంది. గొంతు మాత్రం ఎరగదు. చిన్నప్పుడు నన్నడిగేది, "మామయ్యా, అమ్మ గొంతు నాలా ఉండేదా, అత్తలా ఉండేదా?" అని. నీలాగే ఉండేదనేవాణ్ణి. ఏదో ఒకటి చెప్పాలి కదా.

"టేపు ఉందా ఇంకా?" అని అడిగాను.

"టేపులన్నీ బూజు పట్టాయి. ఎక్కించాక పారేశా. బాక్సులో ఉంది. పద, పైన చూద్దాం."

ఆ అమ్మాయి వెతికి తెరిచింది. పెద్ద ఫైలు. తెర మీద మా పాత ఇంటి ముందు షామియానా. వంటవాళ్లు గుండిగలు దించుతున్నారు. గుండిగ నేలకి తగిలిన చప్పుడు వినిపించింది. ఎవరో "ఉప్పు చూశావా" అన్నారు.  మా పెద్దనాన్న కండువా సర్దుకుంటూ కెమెరా వైపు చూసి, "నన్నెందుకయ్యా, లోపలికెళ్లు" అన్నాడు. ఆయన పోయి ఎంత కాలమైందో. కెమెరా వసారాలోకి వెళ్లింది. లోపలి గది తలుపు ఓరగా ఉంది. అక్కడే బొమ్మ ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. పక్కనున్న ఎడిటర్లందరివీ కూడా ఆగిపోయాయి.

"తీగ వల్లేనండి" అంది అమ్మాయి. "మీరు కొత్తవి వేసేశాక హాయిగా చూసుకోవచ్చు."

నేనూ అదే అనుకున్నాను. ఇంటికెళ్తూ బస్సులోంచే మా మేనకోడలికి ఫోన్ చేశాను. టేపు సంగతి మొత్తం రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "ఆదివారం డ్యూటీకి సెలవు పెడతా మామయ్యా. నేను లేకుండా చూడకు" అంది.

విజయవాడ నుంచి స్విచ్‌లు తెప్పించాను. కేబుళ్లు నేనే లాగాను. మెట్ల పక్కనున్న పాత గొట్టంలో నాలుగు పట్టక, గోడ వెంట కొత్తది బిగించాల్సి వచ్చింది. ముందు రెండు స్విచ్‌లలోనూ గుంపు కట్టి, తర్వాతే తీగలు గుచ్చాలి. తలకిందులైతే కరెంటు పనివాడికి జరిగిందే నాకూ జరుగుతుంది. స్టోరేజీ బాక్సుకి కూడా వెనక నాలుగు పోర్టులున్నాయి, వాటినీ జతచేశాను. ఒక పోర్టు ఎంతకీ గుంపులో చేరలేదు. చూస్తే గోడ మలుపు దగ్గర తీగ నలిగింది. మార్చాను. మధ్యాహ్నానికి నాలుగూ చేరాయి.

పైకెళ్లి ఆరు కంప్యూటర్లలోనూ ఒకేసారి వీడియోలు పెట్టమన్నాను. ఆరూ ఆగకుండా ఆడాయి. ఆ గదిలో అందరి ముఖాలూ తేటపడ్డాయి. భాయ్ స్వయంగా బిర్యానీ తెప్పించాడు. తింటూ తింటూనే లేచి వెళ్లి తన కంప్యూటర్లో ఒక పెళ్లిని కాపీ పెట్టి చూసుకున్నాడు.

"నాలుగేశావు గదా. ఇది పెద్ద తేడా రాలేదేం?"

"అది ఒక్క తీగలోనే పోద్దని చెప్పా కదా భాయ్."

"చెప్పావులే" అని మళ్లీ వచ్చి కూర్చున్నాడు. కొంచెం చిన్నబోయాడు. కానీ ఎడిటర్లందరూ పని చేసుకుపోతుంటే చూసి సర్దుకున్నాడు.

చేతులు కడుక్కుని వచ్చాక అమ్మాయి అడిగింది, "మీ అక్కగారిది ఎలా ఆడుతుందో ఒకసారి పెట్టనా? చివరిదాకా వద్దులెండి. ఆగకుండా వస్తుందో లేదో చూద్దాం."

మా మేనకోడలికి ఇచ్చిన మాట గుర్తుంది. అయినా సరేనన్నాను, ఆదివారం నాటికి తేడా రాకూడదని. షామియానా, గుండిగలు, పెద్దనాన్న అన్నీ సాఫీగా వచ్చాయి. కెమెరా వసారాలోకి వెళ్లింది. తలుపు దగ్గర ఆగిపోయింది. సరిగ్గా అప్పుడాగిన చోటే.

తప్పు తీగది కాదని ఆ క్షణంలో అర్థమైంది.

కిందికి దిగి స్టోరేజీ బాక్సు లోపలికి నా ల్యాప్‌టాప్‌తో వెళ్లి చూశాను. డిస్కుల్లో ఒకటి ఎప్పుడో చచ్చిపోయి ఉంది. వరదలకి ముందే. ఒకటి పోయినా తట్టుకునే ఏర్పాటు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు రెండోది కూడా అక్కడక్కడా చదవలేకపోతోంది. దానికి అండగా నిలవాల్సిన డిస్కే లేదు.

"ఇది పోయినప్పుడు కూత వేసి ఉండాలే భాయ్."

 "అవును తమ్ముడూ. ఒకరోజు కుయ్యి కుయ్యిమని గోల. కౌంటరు నిండా జనం. నేనే ఆపించేశా. మళ్లీ కూయలేదు."

 ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేస్తారు.

కొత్త డిస్కు పెట్టి పూడ్చుకోమనొచ్చు. కానీ అలా పూడ్చాలంటే మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. రెండోది ఆ శ్రమకి ఆగదని నా భయం. ముందు ఉన్నదంతా బయటికి తీసుకోవాలి. ఇంకో బాక్సు కావాలి. శనివారం విజయవాడ నుంచి వచ్చింది. దాన్ని పైన ఎడిటింగ్ గదిలో పెట్టాను. పాత బాక్సు నుంచి నేరుగా కొత్తదాన్లోకి పంపితే అంతా ఒక్క తీగలో పోతుంది. అందుకని ఆరు కంప్యూటర్లకీ వాటా వేసి, ఆరూ కింద నుంచి లాక్కుని పక్కనున్న కొత్త బాక్సులో పడేసేలా పెట్టాను. నేను వేసిన నాలుగు తీగలూ నిండుగా పారడం అప్పుడే చూశాను. ఇంకో సమయంలో అయితే ఎంతో ముచ్చటపడేవాణ్ణి.

ఏది ముందు, ఏది తర్వాత అన్న మాట వచ్చింది. పెళ్లివాళ్లకి ఇంకా ఇవ్వని ఈ సీజన్‌వి ముందు. ఆ తర్వాత వరదలో పోగొట్టుకుని అడిగినవాళ్లవి. మిగిలిన పాతవి చివర. అదీ భాయ్ చెప్పిన వరస. చెప్పాక నా భుజం మీద చెయ్యేసి, "వీటన్నిటికన్నా ముందు మీ అక్కది తీసుకో. నువ్వు లేకపోతే ఈ సంగతి మాకు తెలిసేదే కాదు" అన్నాడు.

వద్దనే ధైర్యం నాకు లేదు. మొదట అదే పెట్టాను.

తలుపు దగ్గరికొచ్చేసరికి కాపీ ఆగింది. కింద బాక్సు మొత్తం బిగుసుకుపోయి, దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది. మొదలవడానికి చాలాసేపు పట్టింది. ఆ ఆరు కంప్యూటర్లలో మిగిలిన ఐదింటి పనీ మధ్యలో తెగిపోయింది. రెండోసారి, ఆగిన చోటు దాకా వచ్చినంత మేరకే కోసి పక్కన పెట్టుకుని, ఆ చోటు దాటించి అవతలది తీయాలని చూశాను. మళ్లీ అదే. ఈసారి కింద గదిలోకి వెళ్లి చెవి పెట్టి విన్నాను. డిస్కు టిక్కు, టిక్కు మంటోంది. ఆ చప్పుడు తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

"ఇంకోసారి చూద్దాం" అన్నాడు భాయ్. నా వెనకే నిలబడి ఉన్నాడు.

"వద్దు భాయ్."

"మీ అక్కది కదయ్యా."

"ఇంకోసారికి డిస్కే పోతుంది. అది పోతే ఒక్కటీ రాదు."

 కౌంటరు దగ్గర చెవిటికల్లు రైతు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆ వేళకి రమ్మని ఆయనకి చెప్పి ఉంచారు. కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. ఆయన పక్కన ఇంకా నలుగురైదుగురు, తడిసిన సంచులతో. నేను పైకెళ్లి అక్క ఫైలుని వరసలోంచి తీసేశాను. తీసేయడమంటే ఒక గీత మీద నొక్కడం, అంతే. ఆ అమ్మాయి నా వైపు చూసి, తల తిప్పుకుని తన తెర చూసుకుంది.

మా మేనకోడలికి ఫోన్ చేసి ఆదివారం రావద్దన్నాను. "ఎందుకు?" అంది. చెప్పాను. "సరే మామయ్యా" అంది. నొచ్చుకున్నట్టు కూడా వినపడలేదు. అలవాటైన మనిషిలా అంది.

ఆదివారం రోజంతా కాపీ నడిచింది. ఈ సీజన్ పెళ్లిళ్లన్నీ వచ్చాయి. వరదవాళ్లు అడిగినవాటిలో చాలా భాగం వచ్చాయి. చెవిటికల్లు ఆయన గృహప్రవేశం వచ్చింది. పెన్‌డ్రైవులో వేసి ఇస్తే రెండు చేతులతో అందుకుని, "పాటలున్నా పర్లేదండి. మా వాడు నడిచేది కనపడితే చాలు" అన్నాడు. ఆయన వెళ్తుంటే నాకు కొంచెం ఊపిరాడినట్టయింది. అంతకు మించి ఆ పనిలో నాకు మిగిలిందేమీ లేదు.

సోమవారం పొద్దున నందిగామ బస్టాండులో ఉండగా అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నయ్యా, కింద బాక్సు రాత్రి ఆగిపోయినట్టుంది. ఎంత నొక్కినా రావట్లేదు. భాయ్ అక్కడే కూర్చున్నారు. పొద్దున్నించీ లేవట్లేదు" అంది.

వెళ్లి చూశాను. రెండో డిస్కు పూర్తిగా పోయింది. దాంతో అన్నీ పోయాయి. పాత సంవత్సరాలన్నీ. ఎవరూ అడగనివి, అడగాల్సిన అవసరం ఇంకా రానివి. భాయ్ ఆ చిన్న గదిలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తెల్లవారుజాము ఫజర్ నమాజు చేసుకుని వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు, టోపీ కూడా తీయలేదు.

"హైదరాబాదులో తీసేవాళ్లుంటారు భాయ్. డిస్కులు విప్పి చూస్తారు."

"తీసుకెళ్దాం" అన్నాడు.

ఇద్దరం కలిసే వెళ్లాం. కోదాడ దాకా డిస్కుల సంచి ఆయన ఒళ్లోనే ఉంది. దాటాక కిటికీలోంచి చూస్తూ, "నా పెళ్లికి వీడియో లేదు తమ్ముడూ. అప్పట్లో ఎవరు తీస్తారు? అందుకే ఎవరిదీ పారెయ్యలేకపోయా" అన్నాడు.  డిస్కులు అక్కడ ఇచ్చి వచ్చాం. కొన్ని వారాల తర్వాత వాళ్లు ఫోన్ చేసి, డిస్కు లోపల తిరిగే పళ్లెం గీసుకుపోయింది, ఏమీ రాదు అన్నారు. ఆ డిస్కులు తిరిగి పంపమంటారా అని అడిగారు. పంపమన్నాడు. ఎందుకో నేనడగలేదు.

ఆ తర్వాత రోజుల్లో స్టూడియోకి వెళ్లాలంటే నాకు మనసొప్పేది కాదు. అయినా వెళ్లాను, ఆయన ఒక్కడే ఉంటాడని. జనం ఇంకా వస్తూనే ఉన్నారు. వరద మాట విని ఒకరు, ఇంట్లో ఎవరో పోతే ఒకరు. భాయ్ ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, తనే చెప్పేవాడు. "మీది పోయిందండి. నా దగ్గర లేదు." కొందరు ఊరుకునేవాళ్లు. కొందరు కేకలేసేవాళ్లు. ఒక పెద్దావిడ నమ్మలేదు. "వెతుకు నాయనా, ఎక్కడో ఉంటుంది" అంటూ సాయంత్రం దాకా కూర్చుంది. ఆవిడ కోసం కొత్త బాక్సులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూపించింది ఆ అమ్మాయి, లేదని తెలిసి కూడా.

మా మేనకోడలు చెప్పాపెట్టకుండా ఒకరోజు వచ్చింది. విజయవాడ బస్సులో వచ్చి నేరుగా చిల్లకల్లులో దిగి నాకు ఫోన్ చేసింది. "స్టూడియోకి తీసుకెళ్లు మామయ్యా. మిగిలిన ముక్క చూస్తా."

నేను ఆ ముక్క సంగతి ఆమెకి చెప్పి ఉండాల్సింది కాదనిపించింది. కానీ చెప్పేశాను ముందే. పది పన్నెండు నిమిషాలు మిగిలింది, అందులో మీ అమ్మ లేదు అని కూడా చెప్పాను.

పైన ఎడిటింగ్ గదిలో కూర్చోబెట్టాం. భాయ్ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. షామియానా వచ్చింది. గుండిగలు వచ్చాయి. పెద్దనాన్నని చూసి, "ఈయనెవరు?" అంది. చెప్పాను. కెమెరా వసారాలోకి వెళ్లింది. ఓరగా ఉన్న తలుపు. లోపల ఆడవాళ్లు పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నారు. కనపడరు. మాటలు మాత్రం వినపడతాయి. నేను అంతకుముందు రెండుసార్లూ బొమ్మ ఆగుతుందేమోనని చూడటంలో పడి, ఆ మాటలు వినలేదు. ఎవరో "జడ బిగుతైందా" అంటున్నారు. ఎవరో పకపకా నవ్వారు. ఇంకెవరో "అబ్బ, ఉండండే" అన్నారు. ఇంకో గొంతు "గాజులేవి" అంది. ఒకదాని మీద ఒకటి, నాలుగైదు గొంతులు. అంతే. ఆగిపోయింది.

"వెనక్కి తిప్పండి" అంది.

అమ్మాయి తిప్పింది. మళ్లీ విన్నాం. ఇంకోసారి తిప్పమంది. అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి ఇచ్చింది. పెట్టుకుని కళ్లు మూసుకుని వింది. తర్వాత వాటిని నా చెవులకి పెట్టింది.

"ఇందులో అమ్మది ఏది మామయ్యా?"

విన్నాను. నన్ను పెంచిన మనిషి. ఎన్నేళ్లు రోజూ పేరు పెట్టి పిలిచిన మనిషి. ఆమె అన్న మాటలు నాకెన్నో గుర్తున్నాయి, ఏ రోజు ఏమందో కూడా చెప్పగలను. కానీ ఆ గొంతుల్లో ఏది ఆమెదో నాకు తెలియలేదు. "అబ్బ, ఉండండే" అన్నది పెళ్లికూతురే అయి ఉండాలని బుద్ధి చెబుతోంది. చెవి మాత్రం ఏమీ చెప్పలేదు. మళ్లీ విన్నాను. నవ్వింది ఆమేనేమో అనిపించింది. మళ్లీ వింటే అదీ కాదనిపించింది.

"తెలీట్లేదమ్మా" అన్నాను.

"ఉండండే అన్నదా?"

"అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చా, అదేనా?"

ఏదో ఒకటి చెప్పడం చిన్నప్పుడు తేలికగానే ఉండేది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్నది పెరిగిన మనిషి, నా ముఖం చూస్తోంది. "తెలీదు" అన్నాను.

ఆమె భాయ్ వైపు తిరిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను కెమెరాలో బొమ్మ చూసుకునేవాణ్ణి బిడ్డా. మాటలెవరు వింటారు?"

ఆ అమ్మాయి ముక్కని ఫోన్లోకి పంపనా అని అడిగింది. మా మేనకోడలు వద్దంది. "అమ్మది ఏదో తెలిసినప్పుడు పంపండి. ఇప్పుడు వింటే అన్నీ అమ్మవే అనుకుంటా. వేరేవాళ్ల గొంతు పట్టుకుని అమ్మదని అనుకోవడం నాకిష్టం లేదు."

చిల్లకల్లు దాకా ఆటోలో దింపాను. బస్సు వచ్చేదాకా హాస్టల్లో నీళ్ల ఇబ్బంది గురించి మాట్లాడింది. పరీక్షల గురించి మాట్లాడింది. బస్సెక్కాక కిటికీలోంచి చెయ్యి ఊపింది.

భాయ్ పైఅంతస్తు ఖాళీ చేసేశాడు. పెళ్లిళ్ల ఆర్డర్లు తీసుకోవడం మానేశాడు. పేటలో వేరే స్టూడియోలు చాలా ఉన్నాయి, ఎవరికీ లోటు రాలేదు. ఎడిటర్లు తలో చోటికీ పోయారు. వీరులపాడు అమ్మాయికి కంచికచర్లలో పని దొరికింది. ఆయన కింద కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంటాడు. నేను వెళ్తే టీ చెప్తాడు, పాత సంగతులేవీ ఎత్తడు. నేనూ ఎత్తను.

ఆ ముక్కని నేను ఫోన్లో వేసుకున్నాను. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లలో బతికున్నది మా పిన్ని ఒక్కతే. అక్కకి జడ వేసింది ఆవిడే. వెళ్లి కూర్చోబెట్టి వినిపించాను. వినికిడి తగ్గింది, ఫోను చెవికి ఆనించి పెట్టాల్సి వచ్చింది. వినగానే ముఖం వెలిగింది.

"ఇదిగో, గాజులేవి అంటోంది చూడు. అదేరా మీ అక్క" అంది.

 సరిగ్గా చూసుకుందామని ఇంకోసారి పెట్టాను.

"ఇది నేను కదూ" అంది పిన్ని అదే మాటకి. "ఆ నవ్వింది మీ అక్క."

మూడోసారి పెట్టాను. ఈసారి ఆవిడ ఏది ఎవరిదో చెప్పలేదు. చాలాసేపు ఫోను అలాగే చెవికి ఆనించుకుని కూర్చుంది, ముక్క అయిపోయాక కూడా. తర్వాత నా చేతికిచ్చి, అన్నం తిని వెళ్లమంది.